అవ్వ మోసిన గోదావరి కబురు

మా బాపు, మా మేనమామ ఒకరితో ఒకరు మాట్లాడుకునేవారు కాదు. ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు, పైనున్న సర్కారుకు తప్ప.

బాపు రెవెన్యూలో గిర్దావర్. చుట్టుపక్కల ఊళ్ళ పట్వారీలందరి మీద పెత్తనం ఆయనది. ఏ ఊరికి ఏ ఆపద వచ్చినా తాలూకా నుంచి కబురు ముందు ఆయనకే వచ్చేది. మామ నీళ్ళ శాఖలో ఓవర్సీరు. చెరువులు, కట్టలు, తూములు ఆయన చేతిలో ఉండేవి. మామకు మా ఊరికి బదిలీ అయినప్పుడు అవ్వ, అంటే మా అమ్మ, ఎంత సంబరపడిందో చెప్పలేను. తమ్ముడు కళ్ళముందుండాలని పట్టుబట్టి మా ఇంటికి ఎదురిల్లే కిరాయికి ఇప్పించింది. మా అరుగు మీద కూర్చుని దగ్గితే వాళ్ళ అరుగు మీద వినపడేది. అంత దగ్గర ఉండి ఆ ఇద్దరూ ఏళ్ళ తరబడి ముఖాలు తిప్పుకుని బతికారంటే, ఆ పట్టుదలకు ఏం పేరు పెట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు.

గొడవ మా అక్క పెళ్ళిలో మొదలైంది. పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి పందిట్లోకి మోసుకొచ్చేది మేనమామ. అది ఆయన హక్కు, ఇంకొకరు చెయ్యి పెట్టడానికి లేదు. పెళ్ళినాడు పొద్దున్నే అకాల వాన పడింది. పక్క ఊరి చెరువు కట్టకు బుంగ పడిందని మనిషి పరుగెత్తుకుంటూ వచ్చాడు. మామ కొత్తబట్టలు విప్పి దండెం మీద వేసి, “నేనచ్చేదాక ఆగుండ్రి” అని చెప్పి పోయాడు. ముహూర్తం దగ్గర పడుతున్నకొద్దీ మగపెళ్ళివారు గొణుగుడు మొదలుపెట్టారు. బాపుకు ఓపిక తక్కువ. వరసకు మేనమామ అయ్యే ఇంకొకాయనతో గంప ఎత్తించేశాడు. మామ మోకాళ్ళ దాకా బురదతో వచ్చేసరికి తలంబ్రాలు పోసుకుంటున్నారు.

“జరంత ఆగకపోతివా బావా?” అన్నాడు మామ.

“నీ చెరువు కోసం ముహూర్తం ఆగుతదా?” అన్నాడు బాపు, అంతమందిలో.

మామ అన్నం ముట్టకుండా పోయాడు. అంతే, ఆ రోజుతో సరి. ఒక్క మాటకు ఇంత కోపమా అని మీరనుకోవచ్చు. నేనూ అనుకున్నాను. కానీ మా వాళ్ళ సంగతి నాకు తెలుసు. ఆస్తి పోతే ఊరుకుంటారు, పందిట్లో పరువు పోతే మాత్రం ఊరుకోరు. ఇద్దరిలో ఎవరైనా ముందు పలకరిస్తే తప్పు ఒప్పుకున్నట్టే అనుకున్నారు. అందుకని ఎవరూ పలకరించలేదు.

ఇది ఇంటి గొడవగానే ఉండిపోతే ఈ ముచ్చట రాసే పనే ఉండేది కాదు. మా ఊరు గోదావరికి దక్షిణపు ఒడ్డున, కరీంనగర్ జిల్లాలో ఉంది. అవతలి ఒడ్డు ఆదిలాబాద్ జిల్లా. ఊరికి పైన పెద్ద చెరువుంది, కింద గోదావరిలో కలిసే వాగుంది. ఆ రెంటికీ నడుమ పల్లంలో నేతవాళ్ళుండే సాలెవాడ. గోదావరి నిండుగా వస్తే వాగు నీళ్ళు నదిలోకి పోలేక వెనక్కి తన్నేవి. అదే సమయంలో పైన చెరువు కూడా నిండి పొర్లితే సాలెవాడ రెండు నీళ్ళ నడుమ చిక్కుకునేది. దానికి ఒకటే ఉపాయం. గోదావరి పెరుగుతోందని తెలియగానే, వాగు తన్నకముందే తూము లేపి చెరువును సగానికి దించాలి. నది పెరుగుతోందన్న కబురు బాపుకు వస్తుంది. తూము ఇనుప తలుపు లేపే చక్రం తాళం మామ దగ్గర ఉంటుంది. అంటే సాలెవాడ మునగకుండా ఉండాలంటే మాట్లాడుకోని ఆ ఇద్దరూ మాట్లాడుకోవాలి.

మరి ఏళ్ళపాటు సాలెవాడ ఎట్లా మునగలేదంటే, మా అవ్వ వల్ల.

నాకు ఆ తతంగమంతా ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. బాపు అన్నం ముందు కూర్చుంటాడు. అవ్వ వడ్డిస్తుంటుంది. బాపు ఆమెను చూడడు, గోడను చూస్తాడు.

“గోదారి పెద్దగస్తుందట. చెరువు జర ఖాళీ చేసుకుంటె మంచిదని కొందరంటుండ్రు.”

ఆ కొందరు ఎవరో కాదు, ఆయనే. అవ్వ గిన్నెలో కూరో పచ్చిపులుసో పోసి, పైన పళ్ళెం మూసి, కొంగు తలమీదికి లాక్కుని వీధి దాటుతుంది. ఎదురింట్లో తమ్ముడి ముందు గిన్నె పెట్టి, “తమ్మీ, గోదారి పెరుగుతుందని ఊర్లె అనుకుంటుండ్రు” అంటుంది. మీ బావ అన్నాడని అనకూడదు. అంటే మామ లేచి పెరట్లోకి పోతాడు.

“ఊర్లె అనుకుంటె తూము లేపుతరా అక్కా? నాట్లకు నీళ్ళు లేకుంట చేసిండని రైతులు నా గల్లా పట్టుకోరా? పటేల్ ఒప్పుకున్నడా?”

అవ్వ ఖాళీ గిన్నెతో తిరిగి వస్తుంది. “పటేల్ ఒప్పుకున్నడా అని అడుగుతుండ్రు” అని గోడకు చెబుతుంది. బాపు గోడకే జవాబిస్తాడు. “ఒప్పుకున్నడు. పొద్దుగాలనే మాట్లాడిన.” అవ్వ మళ్ళీ వీధి దాటుతుంది. ఈసారి చేతిలో మజ్జిగ చెంబు. ఇట్లా నాలుగైదు విడతలు తిరిగాక మామ తాళం తీసుకుని లేస్తాడు. నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేదాన్ని. అవ్వకు కూడా నవ్వొచ్చేది. “నవ్వు బిడ్డా, నవ్వు. నీకు గిసొంటి మొగోళ్ళు దొరికితె తెలుస్తది” అనేది.

అవ్వ అక్కడితో ఆగేది కాదు. తమ్ముడు తూము వైపు పోగానే తను సాలెవాడకు దిగేది. అక్కడ అన్నీ గుంటమగ్గాలు. నేలలో గుంట తవ్వి, అందులో కాళ్ళు పెట్టుకుని కూర్చుని నేస్తారు. వరద గడప దాకా రాకముందే ఆ గుంటలో ఊట పుడుతుంది. మగ్గం మీద పడుగు ఎక్కి ఉంటే దాన్ని ఉన్నపళంగా తీయడం కుదరదు. తొందరపడి లాగితే దారాలన్నీ చిక్కుపడతాయి, మళ్ళీ పోగు పోగు అతికించుకోవాలి. నిదానంగా విప్పి చుట్టుకోవాలంటే ఒక పూట కావాలి. అందుకే వాళ్ళకు కబురు ముందే అందాలి. అవ్వ గడప గడపకూ పోయి, “పడుగు విప్పుకోండ్రి, పిల్లల్ని పైవాడకు తోలుండ్రి” అని చెప్పి వచ్చేది. ఆమె కనపడితే చాలు, మగ్గాల చప్పుడు ఆగిపోయేది. అప్పటి నుంచి సాలెవాడ వాళ్ళు ఆకాశాన్ని చూడడం మానేశారు. అవ్వ వస్తుందా రాదా అనే చూసేవాళ్ళు.

ఆ వాడలో ఒకామె అవ్వకు సొంత చెల్లెలికన్నా ఎక్కువ. నేను ఆమెను చిన్నవ్వ అనేదాన్ని. ఆమె భర్తను చిన్నాయన అని పిలిచేదాన్ని. ఆయన మాట తక్కువ మనిషి, అవ్వను వదినె అని నోరారా పిలిచేవాడు. నేను మెట్రిక్ తప్పి ఇంట్లో కూర్చున్న రోజుల్లో ఆయన మగ్గం దగ్గరే ఎక్కువ పొద్దు గడిపేదాన్ని. “సదువు పోతె పోనీ బిడ్డా, కండె చుట్టుడు నేర్సుకో” అని ఏడిపించేవాడు. మా ఇంట్లో అందరూ నన్ను తిడుతున్న ఆ రోజుల్లో నాతో నవ్వుతూ మాట్లాడినవాడు ఆయనొక్కడే.

ఒక ఏడు వరద దాటాక కరీంనగర్ నుంచి పెద్ద అధికారి జీపులో వచ్చాడు. చుట్టుపక్కల ఊళ్ళు మునిగినా మా ఊరు మునగలేదని విని చూడవచ్చాడు. చెరువు కట్ట మీద నిలబడి బాపునూ మామనూ చెరొక పక్కకు పిలిచి, “రెండు శాఖలు ఇంత కలిసికట్టుగా పనిచేయడం నేను ఎక్కడా చూడలేదు. అందరూ మిమ్మల్ని చూసి నేర్చుకోవాలి” అన్నాడు. బాపు చెరువును చూస్తున్నాడు, మామ ఆకాశాన్ని చూస్తున్నాడు. వెనక నిలబడ్డ జనం నవ్వు ఆపుకోలేక చచ్చారు. ఆయనకు చాయ్ అవ్వే చేసి పంపింది. ఆ చాయ్ తాగి ఆయన జీపెక్కి పోయాడు.

ఆ రాత్రి అవ్వ నవ్వలేదు. బాపు ముందు కూర్చుని సూటిగా అడిగింది.

“నేను సచ్చిపోతె గా సాలెవాడ ఏంగావాలె? పెండ్లిళ్ళకు మాట్లాడుకోకుండ్రి, పండుగలకు మాట్లాడుకోకుండ్రి. గీ గోదారి ముచ్చట ఒక్కటి మాట్లాడుకోండ్రి. మీ కాళ్ళు మొక్కుత.”

“ఆయిననే ముందుగాల మాట్లాడుమను” అన్నాడు బాపు. మర్నాడు తమ్ముణ్ణి అడిగితే అతనూ అచ్చంగా అదే అన్నాడు. ఆ ఒక్క విషయంలో మాత్రం ఇద్దరికీ ఏకాభిప్రాయం ఉండేది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొన్నేళ్ళయింది. అక్కను ఇచ్చింది గోదావరి అవతల, ఆదిలాబాద్ జిల్లాలో, ఒడ్డుకు దగ్గరి ఊళ్ళోనే. ఆ శ్రావణంలో అక్కకు రెండో కాన్పు. అత్తగారు మంచాన పడిందని, వచ్చి చూసుకోమని కబురు పెట్టారు. అవ్వ నన్ను తోడు తీసుకుని పడవెక్కింది. పోయేముందు బాపుకు చెప్పింది, తమ్ముడికి చెప్పింది, సాలెవాడకు పోయి చిన్నవ్వకు చెప్పింది. అప్పటికి గోదావరి సగం ఇసుకే. తొంగిచూస్తే అడుగు కనపడుతోంది.

అక్కకు ఆడపిల్ల పుట్టింది. పుట్టిన మర్నాడే ముసురు పట్టింది. అది మామూలు ముసురు కాదు. ఎగువన ఎక్కడో మరాఠీ దేశంలో కూడా కుండపోత అని బజారులో అనుకుంటున్నారు. మేము ఒడ్డుకు పోయి చూసేసరికి నది ఎర్రగా, వెడల్పుగా, చెట్లను మోసుకుంటూ పోతోంది. పడవలన్నీ పైకి లాగి తాళ్ళతో కట్టేశారు. అవ్వ పడవవాళ్ళను బతిమాలింది. “అమ్మా, మాకు గూడ పెండ్లాం పిల్లలున్నరు” అన్నారు. అనడంలో తప్పు లేదు.

“వాగు తన్నే యాళ్ళయింది. తూము లేపిండ్రో లేదో” అంది అవ్వ. ఆమె ముఖం చూసి నాకు భయమేసింది.

ఇద్దరం ఆ ఊరి కచేరీకి పోయాం. అవతలి ఒడ్డున మా ఊళ్ళో తూము లేపమని ఎట్లాగైనా కబురు పంపమని అవ్వ అడిగింది. వాకిట్లో ఉన్న జవాను, “బాయీ, గా ఊరు మా జిల్లా గాదు” అన్నాడు. లోపలున్న గుమాస్తా మంచివాడే, కూర్చోమన్నాడు. కానీ పద్ధతి ఒకటుంది కదా. “మీ తహసీల్దారు మా తహసీల్దారుకు రాయాలె. అప్పుడు మాకు ఏదన్న చెయ్యస్తది. గోదారి నడుమ దాకనే మా హద్దు” అన్నాడు. పోలీసు ఠాణాకు పోయాం. వాళ్ళు కబురు ఆదిలాబాద్‌కు చెబుతారట. ఆదిలాబాద్ హైదరాబాద్‌కు చెబుతుందట. హైదరాబాద్ కరీంనగర్‌కు, కరీంనగర్ తాలూకాకు, తాలూకా మా ఊరికి. “ఎప్పటికల్ల పోతది అయ్యా?” అని అవ్వ అడిగితే, “తీగలు తెగినయమ్మా, మా చేతుల ఏమున్నది” అన్నాడు ఠాణా ఆయన. అక్కడి నుంచి తల తిప్పితే నదీ కనపడుతోంది, నదికి అవతల మా ఒడ్డు తాటిచెట్లూ కనపడుతున్నాయి. నాకు ఇప్పటికీ తలచుకుంటే ఒళ్ళు మండుతుంది.

అవ్వ తిరిగి ఒడ్డుకే వచ్చింది. వానలో నిలబడింది. అక్క ఇంటి నుంచి తిండికి పిలవడానికి మనిషి వచ్చినా కదల్లేదు. బాలెంతను ఇంట్లో వదిలి గోదావరి ఒడ్డున నిలబడ్డ తల్లిని చూసి ఆ ఊరివాళ్ళు ఏమనుకున్నారో ఏమో. తడిసి ముద్దయిన కొంగును పిండుకుంటూ నన్నడిగింది.

“గా ఇద్దరు మాట్లాడుకుంటరంటవా బిడ్డా?”

“మాట్లాడుకోరా అవ్వా, గింత గోదారి వస్తుంటె?” అన్నాను. నేను ఓదార్పుకు అనలేదు. నిజంగానే నమ్మాను. పెద్దవాళ్ళు కదా, చదువుకున్నవాళ్ళు కదా, అంత నీరు చూశాక కూడా బిగుసుకుని కూర్చుంటారని ఎవరనుకుంటారు.

వాళ్ళు కూర్చున్నారు. ఆ తర్వాత అత్త, అంటే మామ భార్య, ఏడుస్తూ చెప్పింది. తాలూకా నుంచి కబురు వేళకే వచ్చింది. బాపు అరుగు మీదే ఉన్నాడు. ఎదురుగా అరుగు మీద మామా ఉన్నాడు. బాపు లోపలికి పోయి, వీధి దాటాల్సిన మాటను కాగితం మీద పెట్టాడు. అది ఎదురింటికి పంపలేదు. పద్ధతి ప్రకారం తాలూకాలో ఉన్న మామ పై అధికారికి పంపాడు. ఆయన దాని మీద ఉత్తర్వు రాసి మామకు తిరిగి పంపాలి. ఊరి కబుర్లు మోసే సుంకరి ఆ కాగితాన్ని మామ కళ్ళముందు నుంచే తీసుకుని, వానలో, తెగిన రోడ్ల మీద తాలూకాకు నడిచిపోయాడు.

ఇటు మామకు ఏమీ తెలియదా అంటే, ఆయనకూ కళ్ళున్నాయి. వాగు రంగు మారడం చూశాడు. అత్త మొత్తుకుంది. “వదినె లేదు గదా, నేను పొయ్యి అడిగొస్త” అంది. “నువ్వు గడప దాటితె నామీద ఒట్టే” అన్నాడట. “రెవెన్యూ వాళ్ళు చెప్పకుంట నాట్ల నీళ్ళు ఇడిసిపెడితె రేపు నా నౌకరి పోతది. కబురుంటె వాళ్ళే పంపుతరు.” ఆ మాటలో కూడా అబద్ధం లేదు. ఇద్దరి దగ్గరా సరైన కారణాలున్నాయి. అదే నాకు ఎక్కువ బాధ.

కాగితం మర్నాడు పగలు ముద్రలు వేయించుకుని తిరిగొచ్చింది. అప్పటికి వాగు వెనక్కి తన్నుతోంది. చెరువు కట్ట అంచు దాకా ఊగుతోంది. ఇప్పుడు తూము లేపితే సాలెవాడ మీదికి నీళ్ళు పోతాయి, లేపకపోతే కట్ట తెగి ఊరే పోతుంది. మామ లేపాడు. ఇంకేం చేస్తాడు.

సాలెవాడలో పిల్లలనూ ముసలివాళ్ళనూ అందరూ ఎట్లాగో లాక్కుని పైకొచ్చారు. చిన్నాయన మాత్రం మగ్గం మీద పడుగు విప్పుతూ లోపలే ఉన్నాడు. నానిన మట్టిగోడ మగ్గం గుంట మీదికి కూలింది.

ఒక్కడే కదా పోయింది అన్నారు తర్వాత చాలామంది. విచారణకు వచ్చినవాళ్ళు కూడా మెచ్చుకోలుగానే అన్నారు. ఒక్కడే అన్న మాట వింటే ఇప్పటికీ నేను అక్కడి నుంచి లేచి పోతాను.

నీళ్ళు తీశాక మొదటి పడవలో మేమిద్దరం ఇవతలికి వచ్చాం. పడవ దిగేచోటే ఎవరో చెప్పారు. అవ్వ ఇంటికి పోలేదు, బురదలో కాళ్ళీడ్చుకుంటూ నేరుగా సాలెవాడకు పోయింది. సగం ఇళ్ళకు గోడలు లేవు. పడుగు దారాలు తుమ్మ కంపకు చుట్టుకుని ఉన్నాయి. చిన్నవ్వ పైవాడలో ఒకరి అరుగు మీద కూర్చుని ఉంది. అవ్వను చూసి లేవలేదు, ఏడవలేదు. అవ్వ ఆమె పక్కన కూలబడింది. ఎంతసేపున్నా ఒక్క మాట అనలేదు చిన్నవ్వ. తిట్టినా బాగుండు అనిపించింది నాకు. పొద్దు వాలుతుంటే నేనే అవ్వను చెయ్యి పట్టి లేపి ఇంటికి తీసుకొచ్చాను.

ఇంటి ముందుకు వచ్చేసరికి మా అరుగు మీద బాపూ మామా ఒకే బల్ల మీద కూర్చుని ఉన్నారు. మాట్లాడుకుంటున్నారు. తాలూకా నుంచి విచారణకు వస్తున్నారని, ఎవరేం చెప్పాలో అనుకుంటున్నారు. “రోడ్డు తెగిందని నువ్వు చెప్పు బామ్మర్ది, కబురచ్చిన గంటలు కాగితం మీద నేను చూసుకుంట” అంటున్నాడు బాపు. “సరే బావా” అంటున్నాడు మామ. ఎన్నేళ్ళ తర్వాతో విన్న ఆ పిలుపులు అంత మామూలుగా, నిన్నటిదాకా మాట్లాడుకున్నట్టే ఉన్నాయి.

అవ్వ మెట్టు మీద ఆగిపోయింది. ఆ ఇద్దరూ మాట్లాడుకోవాలని ఆమె మొక్కని దేవుడు లేడు.

“గీ మాట మొన్న మాట్లాడుకుంటె మీదేం బోయిండె?” అని అడిగింది. గొంతు పెంచలేదు.

మామ తల దించుకున్నాడు. బాపు ఆ రోజు గోడను చూడలేదు, అవ్వనే చూసి జవాబిచ్చాడు.

“ఏం బోకపోయేది” అన్నాడు.

మామ అక్కడే, మా అందరి ముందే మొహం కప్పుకుని ఏడ్చాడు. అవ్వ ఆయనను ఊరుకోబెట్టలేదు. లోపలికి పోయి తడిచీర మార్చుకుంది.

ఆ తర్వాత సర్కారు అన్నీ చేసింది. పెద్ద అధికారి మళ్ళీ వచ్చి వరద కమిటీ వేశాడు. రెవెన్యూ, నీళ్ళ శాఖ, పోలీసు, అవతలి జిల్లా వాళ్ళు, అందరూ ఏడాదికోసారి మా స్కూల్లో కుర్చీలేసుకుని కూర్చునేవారు. బాపు, మామ పక్కపక్కన కూర్చునేవారు. ఆ ఇద్దరూ అప్పటినుంచి ఒకే కంచంలో తిన్నంత స్నేహంగా ఉన్నారు, పోయేదాకా అట్లాగే ఉన్నారు. ఇద్దరూ చెడ్డవాళ్ళు కారు. నన్ను ప్రాణంగా చూసుకున్నారు. నా పెళ్ళిలో మామే గంప ఎత్తాడు. అయినా గంపలో కూర్చున్న నాకు సంతోషం కలగలేదు. ఈ గంప కోసమేనా ఇదంతా అనుకుని ఏడుపొచ్చింది. చూసినవాళ్ళు అత్తవారింటికి పోతున్నందుకు ఏడుస్తున్నాననుకున్నారు.

చిన్నవ్వ ఆ ఏడు చలికాలంలోనే ఊరు విడిచింది. ఆమె మరిది బొంబాయి దగ్గరి భీవండిలో సాంచెల మీద పనిచేసేవాడు. కరెంటు మగ్గాలను మా వైపు సాంచెలనే అంటారు. అక్కడికి వచ్చెయ్యమన్నాడు. ఇక్కడ నేసే మనిషీ లేడు, మగ్గమూ లేదు. ఆమె పోతున్నదని తెలిసి అవ్వ బస్సు దగ్గరికి పోయింది. నేనూ పోయాను. కరీంనగర్ పోయే బస్సు ఆగి ఉంది. చిన్నవ్వ కిటికీ పక్కన కూర్చుంది. వరద నాటి నుంచి అవ్వతో పట్టుమని పది మాటలు మాట్లాడని మనిషి, కిటికీలోంచి చెయ్యి చాపి అవ్వ చెయ్యి పట్టుకుంది.

“నీ మీద నాకు కోపం లేదక్కా. నువ్వు ఊర్లె లేవని నాకెరుకే. ఆయినకూ ఎరుకే. నేనే చెప్పిన. పడుగు ఇప్పుదాం, వాగు జూడు ఎట్లున్నదో అని పొద్దుగాల్నుంచి మొత్తుకున్న.”

అవ్వ కిటికీకి ఇంకా దగ్గరగా జరిగింది.

“ఇనలే అక్కా. నిజంగ నీళ్ళు వచ్చేదుంటె వదినె యాడున్నా వస్తది, వచ్చినంక ఇప్పుదాం అన్నడు.”

డ్రైవరు బండి తీశాడు. చిన్నవ్వ చెయ్యి జారిపోయింది. అవ్వ బస్సు వెంట నాలుగడుగులు వేసింది.

“వద్దామనే ఒడ్డు మీద నిలబడ్డ చెల్లె” అంది. బస్సు అప్పటికే మలుపు దగ్గరికి పోయింది.